బుద్ధుణ్ణి ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి?

సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? తెలుగునాట ఎవరిని అడిగినా ఒకటే కథ చెబుతారు. రథమెక్కి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఒక ముసలివాణ్ణి చూశాడు, తర్వాత ఒక రోగిని, ఆ తర్వాత ఒక శవాన్ని, చివరికి ఒక సన్యాసిని. మనసు విరిగిపోయింది. ఒక రాత్రి భార్య, పసివాడు నిద్రలో ఉండగా గుర్రమెక్కి అడవికి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు బడిలో విన్న ఈ కథ మనలో ఎంతగా ఇంకిపోయిందంటే, దీనికి ఇంకో రూపం ఉండవచ్చన్న ఆలోచనే రాదు.

ఇప్పుడు బుద్ధుడి ఉపదేశాల (సుత్తాల) పాళీ సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో 26వ సుత్తం తెరవండి. దాని పేరు అరియపరియేసన సుత్తం. అందులో బుద్ధుడు తన కథ తనే చెప్పుకుంటాడు. నల్లటి జుట్టుతో, నిండు యౌవనంలో ఉండగా, ‘అకామకానం మాతాపితూనం అస్సుముఖానం రుదన్తానం’ జుట్టూ గడ్డమూ తీసేసి, కాషాయం కట్టుకుని ఇల్లు విడిచానంటాడు. ఈ పాళీ మాటలు అనువాదం లేకుండానే మనకు సగానికి పైగా అందుతాయి. తల్లిదండ్రులకు ఇష్టం లేదు. వాళ్ళు అశ్రుముఖాలతో రోదిస్తూ ఉన్నారు. ఇక్కడ రథం లేదు, సారథి లేడు, అర్ధరాత్రి గుర్రం లేదు. కొడుకు ఎదుట నిలబడి ఏడుస్తున్న అమ్మానాన్నలు మాత్రమే ఉన్నారు.

మరి నాలుగు దృశ్యాల కథ ఎక్కడిది? పాళీ సుత్తాల్లో అదీ ఉంది. అయితే దీఘ నికాయంలోని మహాపదాన సుత్తం దాన్ని ఎన్నో కల్పాల కిందటి విపస్సి అనే మరో బుద్ధుడి జీవితంగా చెబుతుంది. గౌతముడి కథగా దాన్ని మహాకావ్యం చేసిన కవి అశ్వఘోషుడు. ఆయన బుద్ధుడి తర్వాత కొన్ని వందల ఏళ్ళకు పుట్టినవాడు. యక్షులు తమ అరచేతుల్లో గుర్రపు గిట్టలను మోసి చప్పుడు వినబడకుండా చేశారని రాశాడు. చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. సుత్తనిపాతంలో అత్తదండ సుత్తం ఇంకో మాట అంటుంది. నీళ్ళు తగ్గిపోయిన చోట చేపలు కొట్టుకున్నట్టు జనం కొట్టుకోవడం, ఒకరిపై ఒకరు కత్తులు నూరుకోవడం చూసి తనకు భయం పుట్టిందని అందులో బుద్ధుడు చెబుతాడు. ఇక డాక్టర్ అంబేడ్కర్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ అనే గ్రంథం (ఆయన కన్నుమూశాక 1957లో అచ్చయింది) నాలుగు దృశ్యాల కథను నమ్మశక్యం కాదని తోసిపుచ్చుతుంది. రోహిణీ నది నీళ్ళ కోసం సిద్ధార్థుడి వంశమైన శాక్యులకు, పొరుగున ఉన్న కోలియులకు తగవు వచ్చింది. యుద్ధం వద్దన్న సిద్ధార్థుడి మాట శాక్యుల సంఘంలో నెగ్గలేదు. తన కుటుంబానికి శిక్ష పడకుండా తానే దేశం విడిచి పరివ్రాజకుడయ్యాడు. అంబేడ్కర్ చెప్పే కథ ఇది.

ఒక్కో గ్రంథానిది ఒక్కో కథ. ఏది చరిత్ర అన్న విచారణ పరిశోధకులకు ఎలాగూ ఉంది. కొత్తగా చదవబోయేవారికి ఇందులో అంతకంటే పనికొచ్చే సంగతి ఒకటుంది. బౌద్ధం గురించిన ప్రతి పుస్తకమూ ఎక్కడో ఒక చోట నిలబడి మాట్లాడుతుంది. ఆ చోటు ఏదో ముందుగా తెలుసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. తెలుసుకోకుండా నాలుగు పుస్తకాలు వరసగా చదివితే, ఒకదాన్ని ఒకటి ఖండిస్తున్నట్టు కనిపించి విసుగొస్తుంది. ‘మొదట ఏ పుస్తకం చదవమంటారు’ అని నన్ను అడిగిన పిల్లలకు, పెద్దలకు నేను ఒకే చిట్కా చెబుతుంటాను. చేతికొచ్చిన పుస్తకంలో సిద్ధార్థుడు ఇల్లు విడిచే పేజీ తీసి చదవండి. ఆ పుస్తకం కావ్యం చెబుతోందా, సుత్తం చెబుతోందా, అంబేడ్కర్ దారిలో నడుస్తోందా అన్నది అక్కడే బయటపడుతుంది.

ఆ చోట్లు ముఖ్యంగా నాలుగు. శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్ దేశాల్లో నిలిచిన థేరవాదం పాళీ త్రిపిటకాన్ని, అంటే పాళీ ధర్మగ్రంథాల సంపుటిని, ఆధారం చేసుకుంటుంది. చైనా, కొరియా, జపాన్, వియత్నాం దేశాలకు విస్తరించిన మహాయానం బోధిసత్వుల (అందరి మేలు కోసం బుద్ధత్వం కోరేవాళ్ళ) మార్గాన్ని, తర్వాత వచ్చిన సంస్కృత సూత్రాలను ముందుకు తెస్తుంది. టిబెట్, భూటాన్, మంగోలియాల వజ్రయానం మహాయానానికి తంత్రాన్ని జోడించింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది మందితో కలిసి అంబేడ్కర్ తీసుకున్న దీక్షతో మొదలైనది నవయానం. సాంఘిక సమానత్వం దానికి ప్రాణం. ‘బౌద్ధం పునర్జన్మను ఒప్పుకుంటుందా’ వంటి ప్రశ్నకు ఈ నాలుగు చోట్ల నుంచి ఒకే జవాబు రాదు. పెద్ద నగరాల పుస్తకాల షాపుల్లో ధ్యానం పేరుతో అమ్ముడయ్యే పుస్తకాలు చాలావరకు ఆ ప్రశ్నను అసలు ఎత్తవు.

ఇక మాటల సంగతి. మనలాంటి తెలుగువాళ్ళకు ఎదురయ్యే ఇబ్బంది ఇక్కడే ఉంది. దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బౌద్ధం చదివే అమెరికా పాఠకుడికి ప్రతి పారిభాషిక పదమూ కొత్తదే. కొత్తది కాబట్టి ఆగి అర్థం వెతుక్కుంటాడు. మనకు ప్రతి పదమూ పాత చుట్టమే. అందుకే ఆగం. బౌద్ధం మనిషిని ఐదు స్కంధాలుగా విడదీసి చూపిస్తుంది. అవి రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం. ఐదూ మనం రోజూ వాడే మాటలే. కానీ మనకు వేదన అంటే బాధ. బౌద్ధంలో వేదన అంటే ఏ అనుభవానికైనా ఉండే రుచి. హాయి కూడా వేదనే, హాయీ నొప్పీ కానిదీ వేదనే. మనకు సంజ్ఞ అంటే సైగ. అక్కడ, ఎదుట ఉన్నది ఫలానా అని గుర్తుపట్టడం. మనకు సంస్కారం అంటే మర్యాద, లేదా అంత్యక్రియ. అక్కడ మనసు అల్లుకునే అల్లికలు, అలవాట్లు, సంకల్పాలు. మనకు విజ్ఞానం అంటే సైన్సు. అక్కడ కేవలం ఎరుక. పరీక్షలో ఐదూ గడగడా రాసేస్తాం. ఒక్కటీ అర్థమై ఉండదు.

దుఃఖం మరీ ముఖ్యం. ‘అంతా దుఃఖమే అన్నాడు బుద్ధుడు’ అని తెలుగులో చదవగానే కళ్ళ ముందు కన్నీళ్ళు కనబడతాయి. ఎందుకంటే మన భాషలో దుఃఖం వస్తుంది, దుఃఖం ఆగదు, దుఃఖాన్ని దిగమింగుతాం. అది ఏడుపు. పాళీలో దుక్ఖం అంతకంటే ఎంతో విశాలమైనది. పండగపూట ఇంటినిండా జనం ఉన్న సంతోషంలో కూడా ‘రేపు అందరూ వెళ్ళిపోతారు’ అని లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది కదా, అదీ దుక్ఖమే. నిలవని దాన్ని పట్టుకుని నిలవమనడంలో ఉండే వెలితి అది. ఈ తేడా తెలియక, బుద్ధుడు లోకాన్ని చూసి ఏడ్చినవాడని తేల్చేసి పుస్తకం మూసేసినవాళ్ళు నాకు తెలుసు.

కర్మ కూడా అంతే. ‘నా కర్మ’ అని నుదురు కొట్టుకునే మనకు కర్మ అంటే తలరాత. అంగుత్తర నికాయంలో బుద్ధుడు ‘చేతనాహం భిక్ఖవే కమ్మం వదామి’ అంటాడు. భిక్షువులారా, నేను చేతననే, అంటే చేసేవాడి ఉద్దేశాన్నే కర్మ అంటున్నాను అని. నుదుటి మీద రాసి ఉన్నదానికీ, ఈ క్షణం నేను తలపెట్టినదానికీ ఎంత దూరం!

ఒక్కోసారి మన భాష సాయమూ చేస్తుంది. నిర్వాణం అంటే దీపం ఆరడం. తొలినాటి భిక్షుణుల పాటలైన థేరీగాథల్లో పటాచార అనే భిక్షుణి తన విముక్తి గడియను తనే చెబుతుంది. కాళ్ళు కడుక్కుంటూ, నీళ్ళు మెరక నుంచి పల్లానికి జారడం చూసింది. దీపం పట్టుకుని కుటీరంలోకి వెళ్ళింది. పక్క చూసుకుని మంచం మీద కూర్చుంది. సూదితో వత్తిని కిందికి లాగింది. ‘పదీపస్సేవ నిబ్బానం విమోక్ఖో అహు చేతసో.’ దీపం ఆరినట్టు మనసుకు విడుదల కలిగింది. మన ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కిందంటారు. ఆ మాటను నోట పలికే ఇంట్లో పెరిగినవాళ్ళకు, నిర్వాణం అంటే నాశనం కాదని పాఠం చెప్పనక్కర్లేదనిపిస్తుంది నాకు. కొత్తవాళ్ళు సిద్ధాంత గ్రంథం కంటే ముందు ఈ గాథలు చదవాలని నేను కోరుకునేది అందుకే. మాట్లాడేది బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు, దాసీలు, వేశ్యలు, ముసలివాళ్ళు. వాళ్ళ మాటల్లో పారిభాషిక పదాలు తక్కువ, బతుకు ఎక్కువ.

అందరూ మొదట చేతిలో పెట్టేది ధమ్మపదం. 26 వర్గాలు, 423 గాథలు. చిన్న పుస్తకం, తక్కువ ధర, తెలుగులో ఎన్నో అనువాదాలు. మంచి పుస్తకమే. అయినా మొదటి పుస్తకంగా దాన్ని ఇవ్వడానికి నేను వెనకాడతాను. సందర్భం లేని గాథలు అవి; సుభాషితాల్లా తలూపుతూ దాటిపోతాం. తల ఊపలేని చోటు ఒకటుంది. 294వ గాథ ‘మాతరం పితరం హన్త్వా’ అని మొదలవుతుంది. తల్లిని, తండ్రిని చంపి, ఇద్దరు క్షత్రియ రాజులను చంపి, పరివారంతో సహా రాజ్యాన్ని నాశనం చేసి, బ్రాహ్మణుడు ఏ కలతా లేకుండా సాగిపోతాడట! ప్రాచీన వ్యాఖ్యానం అయిన అట్ఠకథ దీన్ని విప్పుతుంది. తల్లి అంటే తృష్ణ. తండ్రి అంటే ‘నేను’ అనే అహం. రాజులిద్దరూ రెండు తప్పుడు దృష్టులు: ఆత్మ శాశ్వతమనేది ఒకటి, చావుతో అంతా అయిపోతుందనేది ఒకటి. ఈ వివరణ లేకుండా ఆ గాథ చదివిన పిల్లవాడు ఏమైపోవాలి? కాబట్టి ధమ్మపదం కొనేటప్పుడు 294 తీసి చూడండి. కింద నాలుగు ముక్కల వివరణ ఉంటే ఆ అనువాదకుడు మీ గురించి ఆలోచించినట్టు. మూలం, తాత్పర్యం ఇచ్చి ఊరుకుంటే, లేదా ఆ గాథనే మెత్తబరిచి రాసేస్తే, ఇంకో ప్రతి వెతుక్కోండి.

ఫోన్లలో తిరిగే బుద్ధ వచనాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ‘అప్పో దీపో భవ’ అన్నది గోడల మీద, పుస్తకాల అట్టల మీద, ఉపన్యాసాల ముగింపుల్లో అంతటా ఉంది. ఆ రూపంలో అది పాళీ త్రిపిటకంలో లేదు. మహాపరినిబ్బాన సుత్తంలో ఉన్నది ‘అత్తదీపా విహరథ అత్తసరణా అనఞ్ఞసరణా, ధమ్మదీపా ధమ్మసరణా అనఞ్ఞసరణా’. మీకు మీరే దీపంగా, మీకు మీరే శరణుగా, వేరే శరణు లేకుండా ఉండండి; ధర్మమే దీపంగా, ధర్మమే శరణుగా ఉండండి. వాడుకలో సగం తెగిపోయి, ధమ్మం జారిపోయింది. ఇంకో విశేషం ఉంది. పాళీలో దీప అంటే దీపమూ అవుతుంది, ద్వీపమూ అవుతుంది. సంస్కృత పాఠంలో ఇదే చోట ఆత్మద్వీపం అని ఉంది. వరదలో మునిగిపోకుండా కాలు మోపే లంక అన్నమాట. గోదావరి లంకల్లో పుట్టినవాళ్ళకు ఈ అర్థమే ఎక్కువ తాకుతుందేమో.

కాలామ సుత్తానిదీ ఇదే గతి. ‘నీ బుద్ధికి తోచిందే నమ్ము, ఇంకేదీ నమ్మకు’ అని దాన్ని కుదించి ప్రచారం చేస్తారు. అసలు సుత్తంలో, కేవలం వీటిని బట్టి దేన్నీ ఒప్పుకోవద్దు అని చెప్పిన జాబితాలో పరంపర, వదంతి, శాస్త్రగ్రంథం, గురువు మీద గౌరవం ఉన్నట్టే తర్కం కూడా ఉంది, మనకు ముందే నచ్చిన అభిప్రాయంతో పొసగడమూ ఉంది. ఆచరిస్తే హాని కలుగుతుందా, మేలు కలుగుతుందా, విజ్ఞులు దాన్ని గర్హిస్తారా, మెచ్చుకుంటారా అని చూసి, మీకు మీరుగా తెలుసుకోమన్నాడు. కుదించిన మాట మన అహానికి సుఖంగా ఉంటుంది. అసలు మాట ఎక్కువ పని చెబుతుంది.

ఇలాంటి వచనం ఎదురైనప్పుడు దాని చిరునామా అడగండి. ప్రతి సుత్తానికీ నికాయం పేరు, సంఖ్య ఉంటాయి. చిరునామా ఇవ్వని పుస్తకాన్ని నేను మొదటి పుస్తకంగా ఎవరికీ ఇవ్వను. చిరునామా ఉంటే సరిచూసుకోవడం ఇప్పుడు క్షణాల పని. ఇంగ్లీషు చదవగలిగితే సుత్తసెంట్రల్ అనే వెబ్‌సైటులో నాలుగు ప్రధాన నికాయాల అనువాదం పూర్తిగా ఉచితం. భిక్ఖు సుజాతో అనువాదం వాడుక భాషకు దగ్గరగా ఉంటుంది. యాక్సెస్ టు ఇన్‌సైట్ పాతదే అయినా, ఎంచి పెట్టిన సుత్తాలు, పదాల వివరణలు ఉండడంతో కొత్తవాళ్ళకు అదీ అనువుగా ఉంటుంది. విపశ్యన పరిశోధన సంస్థ వారి తిపిటక సైటులో పాళీ మూలం మొత్తం తెలుగు లిపిలో చదవవచ్చు. ‘సబ్బే సఙ్ఖారా అనిచ్చా’ (సంస్కారాలన్నీ అనిత్యం) అని మన అక్షరాల్లో చూసుకుంటే, రెండున్నర వేల ఏళ్ళ దూరం ఒక్కసారిగా కరిగిపోయినట్టుంటుంది.

వరస చెప్పమంటే, ముందుగా పైన చెప్పిన అరియపరియేసన సుత్తం, తర్వాత సారనాథ్‌లో ఇచ్చిన మొదటి ఉపదేశమైన ధమ్మచక్కప్పవత్తన సుత్తం. ఆ వెంటనే దీఘ నికాయంలో 31వదైన సిగాలోవాద సుత్తం. బౌద్ధమంటే ఇల్లూ వాకిలీ వదిలేయడమే అనుకునేవాళ్ళకు ఇది తప్పక ఇవ్వాలి. సిగాలుడనే యువకుడు తెల్లవారుజామున తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతుంటాడు. తండ్రి చచ్చిపోతూ అలా చేయమన్నాడు, చేస్తున్నాడు. బుద్ధుడు అతణ్ణి వెక్కిరించలేదు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్య, ఉత్తరం స్నేహితులు, కింద పనివాళ్ళు, పైన శ్రమణ బ్రాహ్మణులు అని ఆ దిక్కులకే కొత్త అర్థం ఇచ్చాడు. పనివాళ్ళ శక్తికి తగ్గ పని ఇవ్వాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, సెలవు ఇవ్వాలి అని యజమానికి చెప్పాడు. సంపాదన నాలుగు పాళ్ళు చేసి, ఒక పాలు అనుభవించి, రెండు పాళ్ళు పనిలో పెట్టి, నాలుగోది ఆపదకు దాచుకోమన్నాడు. చదువుతుంటే మన పెదనాన్నలు చెప్పిన మాటల్లా ఉంటాయి.

వీటితో పాటు, మొత్తం చిత్రం కోసం శ్రీలంక భిక్షువు వాల్పోల రాహుల 1959లో రాసిన పరిచయ గ్రంథం ‘వాట్ ద బుద్ధ టాట్’ పెట్టుకోవచ్చు. చివర కొన్ని సుత్తాల అనువాదాలూ ఉన్నాయి. అది థేరవాదం వైపు నుంచి, ఆధునిక పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసిందని గుర్తుంచుకోండి. ఆ తర్వాత అంబేడ్కర్ గ్రంథం తీయండి. ముందు దాని పీఠిక. ఇల్లు విడవడం, నాలుగు ఆర్య సత్యాలు, ఆత్మ లేకుండా కర్మ పునర్జన్మలు, భిక్షువు ప్రయోజనం అంటూ నాలుగు చిక్కుముడులను ఆయన పాఠకుడి ముందే పెడతాడు. సుత్తాలు కాస్త తెలిశాక ఈ పీఠిక చదివితే, ఆయన ఎవరితో వాదిస్తున్నాడో, ఎందుకంత ఆవేదనతో వాదిస్తున్నాడో అర్థమవుతుంది. చిన్నపిల్లలకైతే జాతక కథలు చాలు.

ధ్యాన శిబిరం కూడా ఒక దారే. ధ్యాన గురువు గోయెంకా సంప్రదాయంలో పది రోజుల విపశ్యన శిబిరాలు హైదరాబాద్ దగ్గర, నాగార్జునసాగర్‌లో జరుగుతాయి. రుసుము లేదు. తెల్లవారి 4 గంటలకు లేవాలి, తోటివారితో మాట్లాడకూడదు, ఫోను ఉండదు. ఆ పద్ధతి బర్మా నుంచి వచ్చింది. బౌద్ధంలో అదొక పాయ. పుస్తకం చదివినట్టు తెలుసుకుందామని మాత్రమే వెళ్ళేవారికి అది కష్టమనిపిస్తుంది. మానసిక అనారోగ్యానికి మందులు వాడుతున్నవారు డాక్టరును అడగకుండా వెళ్ళకూడదు.

మనకు దగ్గర్లోనే ఉన్న ఇంకో వనరు పాత బౌద్ధ స్థలాల్లోని రాళ్ళు. అమరావతి, భట్టిప్రోలు, గుంటుపల్లి, శాలిహుండం, బొజ్జన్నకొండ, తొట్లకొండ, ఫణిగిరి, నేలకొండపల్లి. తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి బొమ్మ ఉండదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, చెట్టు ఉంటాయి. చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. అది తెలిసి చూస్తే ఆ ఖాళీ మాట్లాడుతుంది. నాగార్జునకొండ శాసనాలు అక్కడ వేర్వేరు శాఖల ఆరామాలతో పాటు సింహళ విహారం కూడా ఉండేదని చెబుతాయి. బౌద్ధంలో ఇన్ని శాఖలేమిటని తికమకపడే పాఠకుడు ఆ లోయను తలుచుకుంటే చాలు. ఇక్ష్వాకుల కాలంలో అవన్నీ కృష్ణ ఒడ్డున పక్కపక్కనే బతికాయి.

చివరగా, మొదటి పుస్తకం అనే మాటకు నిజంగా తగినది ఒకటుంది. ఆచార్య నాగార్జునుడు తన మిత్రుడైన శాతవాహన రాజుకు రాసిన ఉత్తరం, సుహృల్లేఖ. నూట ఇరవైకి పైగా శ్లోకాలు. దేనికీ తనదైన స్థిర స్వభావం లేదనే శూన్యవాదాన్ని నిలబెట్టిన మేధావి ఇక్కడ స్నేహితుడిలా, గృహస్థుకు అర్థమయ్యేలా మాట్లాడతాడు. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు చదువు తొలిరోజుల్లోనే దీన్ని కంఠస్థం చేస్తారని రాసుకున్నాడు. తానే చైనా భాషలోకి అనువదించాడు. సంస్కృత మూలం పోయింది. టిబెటన్‌లో, చైనా భాషలో నిలిచింది. టిబెటన్ భిక్షువులు ఇప్పటికీ పాఠం చెప్పుకుంటారు. ఇంగ్లీషు అనువాదాలు తేలిగ్గా దొరుకుతాయి. అందులో ఒక శ్లోకం మనుషుల మనసులు మూడు రకాలంటుంది: నీటి మీద రాత, మట్టి మీద రాత, రాతి మీద రాత. కోపతాపాలు ఉన్నవారికి మొదటిది మేలట, ధర్మం కోరేవారికి చివరిది మేలట. శాతవాహన రాజుకు రాసిన ఆ నీటి మీద రాత ఇవాళ్టికీ మన సామెతల్లో ఉంది.